నీలి గుడ్డ కట్టిన టర్కీ

మా ఆయన పేతురు కామెర్లతో ఆస్పత్రిలో ఉన్న వానాకాలంలో నేను ఇంట్లో ఒక టర్కీ పిల్లకు వైద్యం చేశాను. ఈ మాట చెబితే ఇప్పటికీ జనం నవ్వుతారు. మొగుడు మంచాన పడి ఉంటే ఎస్తేరు కోడికి సేవలు చేస్తోందని మా చర్చి ఆడవాళ్లు అప్పట్లో చెప్పుకున్నారు కూడా. వాళ్ల నోళ్లకు నేనెక్కడ అడ్డం పడగలను? ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కూర్చున్నది పిట్టల వైద్యం నేర్పడానికి మాత్రమే కాదు. అదీ చెబుతాను, ఎవరికైనా పనికొస్తే సంతోషమే. కానీ ఆ రోజుల్లో నాకు తగిలిన దెబ్బ ఒకటుంది. దాన్ని బయట పెట్టకపోతే నా కడుపుమంట చల్లారేలా లేదు.

మేముండేది కలకత్తా గార్డెన్ రీచ్‌లో, పోర్టు వాళ్లిచ్చిన క్వార్టర్లలో. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి డాక్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన ఇక్కడే పుట్టాడు, బెంగాలీ బళ్లో చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. నేను పెళ్లయ్యాక వచ్చినదాన్ని గనక ఎనిమిదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. అప్పటికి ఎర్రజెండా సర్కారు వచ్చి పదేళ్లు కావస్తోంది. డాక్‌లో రోజుకో మీటింగు, ఇంట్లో పూటకో కరెంటు కోత. మాది కింది అంతస్తు. వంటింటి వెనక చిన్న వసారా, దాని ముందు కాస్త మట్టి నేల ఉండేవి. అక్కడ మా అత్త కొన్ని నాటుకోళ్లు పెంచేది.

జూలై

మా తెలుగు చర్చిలో ఏటా నవంబరు ఆఖర్న కోతల పండుగ చేస్తారు. ఈ ఊళ్లో మేము కోసే పంటేమీ లేదు, అయినా మా పెద్దవాళ్లు ఊరి అలవాటు వదల్లేదు. గుమ్మడికాయో, అరటిగెలో, కోడో, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి దేవుడి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. దీనికి ఆడవాళ్లు తమ వంతుగా ఇంకో ముడి వేసుకున్నారు. ఇంట్లో ఎవరికైనా బాగా లేకపోతే ఒక పిట్టను పిల్లగా ఉన్నప్పుడే దేవుడికి విడుస్తారు. విడిచే రోజున ఎవరి కోసమో వాళ్ల పేరు పైకి చెప్పాలి. పండుగనాడు అప్పగించేటప్పుడు మళ్లీ చెప్పాలి. ఈ మధ్యలో దాన్ని అమ్మకూడదు, కొయ్యకూడదు. మధ్యలో చస్తే ఏమవుతుందో పాస్టరు గారి ముందు ఎవరూ అనరు. ఆయన అటు తిరగగానే అంటారు, పిట్ట పోతే మనిషికి గండమని.

పాస్టరు గారికి ఈ వ్యవహారం నచ్చేది కాదు. "ప్రాణం ఇచ్చేది దేవుడమ్మా, కోడి కాదు" అనేవారు. చర్చి కప్పు కారుతోంది గనక అంతకంటే గట్టిగా అనేవారు కాదు.

ఆ ఏడు ఖిదిర్‌పూర్ వైపు నుంచి ఒక ఆంగ్లో-ఇండియన్ ముసలావిడ మా చర్చికి రెండు టర్కీ పిల్లల్ని ఇచ్చింది. ఏటా క్రిస్మస్‌కి టర్కీలు పెంచి అమ్మే మనిషి, ఇక ఓపిక లేక మానేసిందట. టర్కీ అంటే వేలంలో మంచి పాట వస్తుందని పెద్దలు సంబరపడ్డారు. పెంచడం మాత్రం మాలో ఒక్కరికీ తెలియదు. పొడుగు కాళ్లు, నున్నటి మెడ, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు వెర్రి చూపులు. రెండూ ఒకే ఈడు, ఒకే బూడిద రంగు. ఒకటి నాకిచ్చారు, ఇంకొకటి సుగుణకిచ్చారు.

సుగుణ మా పై అంతస్తులో ఉండేది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. భర్త ఓడ మీద ఖలాసీ, నెలల తరబడి సముద్రం మీదే. ఉన్నది ఒక్క కూతురు గ్రేసు, ఎనిమిదేళ్లది, పసితనం నుంచి ఫిట్లు. నేను కొత్త కోడలిగా వచ్చి ఈ ఊరి భాష తెలియక బిక్కచచ్చిపోయి ఉన్నప్పుడు చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకెళ్లింది సుగుణే. నా చిన్నవాడు పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉన్నది కూడా ఆవిడే. వదినా అంటే వదినా అనుకునేవాళ్లం. చర్చిలో వాక్యం చదివేది కూడా సుగుణే, అంత చక్కగా తెలుగు చదువుతుంది. ఆవిడకు మనసులో చదవడం రాదు. పొట్లం కట్టిన కాగితం ముక్కైనా సరే, పైకి చదవాల్సిందే. దానికి నేను తెగ ఆటపట్టించేదాన్ని.

మా ఆయనకు ఆ వేసవిలోనే ఒకసారి కామెర్లొచ్చి తగ్గినట్టే తగ్గాయి. మనిషి మాత్రం తేరుకోలేదు. అందుకని పిట్టను విడిచే రోజున నేను "పేతురు కోసం" అన్నాను. సుగుణ "గ్రేసు కోసం" అంది. తేడా తెలియడానికి నా పిట్ట కాలికి నీలి గుడ్డ ముక్క, సుగుణ పిట్ట కాలికి ఎర్ర గుడ్డ ముక్క కట్టారు.

ఇంటికి తెచ్చాక మా అత్త నీలి గుడ్డను తడిమి చూసి పెదవి విరిచింది. ఆవిడ కళ్లకు అప్పటికే పొర కమ్మింది.

"గుడ్డదేటుందే, వానకి ఊడి పోద్ది. కత్తిపీట తే" అంది.

పిట్టను ఒళ్లో పెట్టుకుని ఎడమ కాలి వెనక వేలి కొసను గోరుతో సహా కోసేసి, పసుపు అద్దింది. అది మా ఇంటి గుర్తు. మా అత్తగారి ఊళ్లో ఇంటికో గుర్తు ఉంటుందట, ఒకరి కోళ్లకు కుడి కాలి గోరు ఉండదు, ఇంకొకరి కోళ్లకు నడిమి గోరు ఉండదు. అక్కడి కోళ్లన్నీ వీధిలో కలిసి తిరుగుతాయి, సాయంత్రం గోరు చూసి ఎవరివి వాళ్లు పట్టుకుంటారు. కలకత్తాకు వచ్చినా ఆవిడ ఆ పద్ధతి మానలేదు. మా వసారాలో ఏ కోడిని పట్టుకున్నా ఆ గోరు ఉండేది కాదు. రైల్వే కాలనీలో పెరిగిన సుగుణకు ఈ సంగతి తెలియదు. చెప్పాలని నాకూ తట్టలేదు.

టర్కీ పిల్లలకు చప్పున తినడం రాదు. గింజ ముందు పోసినా దాన్ని చూస్తూ నిలబడతాయి. "మన కోళ్లతో వొదిలీ. వాటిని సూసి ఇవీ తింతాయి" అంది అత్త. నిజంగానే కోళ్లను చూసి తినడం నేర్చాయి. సుగుణ కూడా పగలంతా తన పిట్టను మా కోళ్లలోనే వదిలి, సాయంత్రం పైకి తీసుకెళ్లేది. మా వాళ్లెవరైనా అదే చేస్తారు. అదే మేము చేసిన పెద్ద పొరపాటు.

ఆగస్టు

మా ఆయనకు కామెర్లు తిరగబెట్టాయి. ఈసారి కళ్లే కాదు, అరచేతులు కూడా పచ్చబడ్డాయి. పోర్టు వాళ్ల ఆస్పత్రిలో చేర్చాం. మా అత్త నేలఉసిరి పసరు పోయాలని, డాక్టరు గ్లూకోజు ఎక్కించాలని. ఆవిడ మాట కాదన్నానని నాతో మాట్లాడటం మానేసి, అన్నం మాత్రం వడ్డించి పెట్టేది.

ఆ ఆస్పత్రి వరండా బెంచీలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. కరెంటు పోతే పంకాలు ఆగిపోయేవి. అప్పుడు ఆడవాళ్లం చేతిలో ఏదుంటే దానితో రోగులకు విసిరేవాళ్లం, ఎవరి రోగి అని చూసుకునేవాళ్లం కాదు. నేనొకసారి కళ్లు తిరిగి కూలబడితే, పక్క మంచం తాలూకు బీహారీ ఆవిడ నిమ్మకాయ చెక్క నా నోట్లో పిండి, వెళ్లి తన భర్త కాళ్ల దగ్గర కూర్చుంది. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు.

ఒక వారం ఆయనకు మరీ ఎక్కువైంది. పలకరిస్తే తెలివి లేదు. నన్ను ఆస్పత్రిలోనే ఉండమన్నారు. పిల్లలిద్దర్నీ అత్తకు అప్పజెప్పాను. పిట్ట సంగతి ఎత్తకముందే సుగుణ తనే అంది.

"నీ పిట్టని నాకిచ్చీ వదినా. రెంటినీ నా దగ్గిరే సూసుకుంతాను. నువ్వెల్లి అన్నయ్య దగ్గిర కూసో."

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. అంతగా ఎందుకేడ్చానా అని తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

ఆయన కాస్త తెలివిలోకి వచ్చాక ఇంటికొచ్చాను. సుగుణ మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. చేతిలో గంప, గంపలో నీలి గుడ్డ కట్టిన టర్కీ పిల్ల. రెక్కలు వేలాడేసి, తల భుజాల్లోకి దూర్చి, కళ్లు మూసుకుని ఉంది.

"నిన్నట్నుంచి తిననేదు వదినా. నానేటి సేసేది" అంది. ముఖం పాలిపోయి ఉంది. నా బాధ తనదనుకుంది కాబోలనుకున్నాను.

గంప కింద రెట్ట పచ్చగా, గంధకం రంగులో ఉంది. ఆస్పత్రిలో ఆయన కళ్లూ అదే రంగు. పాస్టరు గారి మాటలు నాకు తెలుసు, బడిలో చదువుకున్నదీ తెలుసు. ఆ నిమిషంలో ఏదీ అక్కరకు రాలేదు. ఈ పిట్ట చస్తే మా ఆయన చస్తాడు, అంతే. నాకు తెలిసిందల్లా అదొక్కటే.

సెప్టెంబరు

పశువుల ఆస్పత్రి ఊరికి ఆ చివరనుంది. పిట్టను బజారు సంచిలో పెట్టి, తల బయటికి ఉంచి, బస్సెక్కాను. కండక్టరు సంచిలోకి తొంగి చూసి, "దిదీ, ఓటారో టికిట్ లాగ్‌బే" అన్నాడు. దానికీ టికెట్ కావాలని. బస్సంతా నవ్వింది. నా మొహం చూశాక అతనే పక్కవాణ్ణి లేపి నాకు సీటిప్పించాడు. ధర్మతల్లా దగ్గర ఊరేగింపు అడ్డమొచ్చి బస్సు ఆగిపోయింది. ఎర్రజెండాలు ఎంతకీ తరగడం లేదు. సంచిలో పిట్ట కదలడం మానేస్తే, బతికుందో లేదోనని వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను.

అక్కడి వరండాలో అన్నీ పెద్దింటి కుక్కలే. నా సంచిని చూసి అవి మొరుగుతుంటే, వాటి తాలూకు మనుషులు నన్ను చూస్తున్నారు. ఒక్క ఆవిడ మాత్రం తన కుక్కను కాళ్ల కింద అదిమిపెట్టి పక్కన చోటిచ్చింది. డాక్టరు కుర్రవాడు. రెట్ట చూసి, పొట్ట నొక్కి చూసి, "కోళ్లతో కలిపి పెట్టారా?" అని బెంగాలీలో అడిగాడు. అవునన్నాను. కోళ్లకు ఏమీ చెయ్యని పురుగు టర్కీ కాలేయాన్ని తినేస్తుందని, కోళ్లు తిరిగిన మట్టిలోనే అది ఉంటుందని చెప్పాడు. మా ఆయనదీ కాలేయమే.

"బతుకుతుందా?"

"చెప్పలేను దిదీ. మందు ఖరీదైనదేం కాదు. మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది."

ఆయన రాసిచ్చింది రక్త విరేచనాలకు మనుషులు వేసుకునే మాత్రే. ఈ ఊరి నీళ్లు తాగే ప్రతి ఇంట్లోనూ అది ఉంటుంది, మా అలమరాలో సగం వాడిన పట్టీ ఒకటుంది. పిట్ట బరువు చూసి ఎంత ముక్క వెయ్యాలో డాక్టరే చెప్పాడు. మీరెవరైనా వాడాల్సి వస్తే మీ డాక్టర్నే అడగండి, నా లెక్క మీద వెయ్యకండి.

తర్వాత చేసినదంతా ఇంట్లో ఉన్నవాటితోనే. కోళ్లున్న వసారా మానేసి వంటింటి మూల చోటు చేశాను. డాక్ నుంచి తెచ్చిన ఖాళీ గోనెసంచుల్ని ఎండబెట్టి పరిచి, వడ్రంగి కొట్లో అడిగి తెచ్చిన రంపపు పొట్టు పైన పోశాను. రెట్ట పడ్డ పొట్టును పూటపూటకూ తీసి పొయ్యిలో పడేసేదాన్ని. వెచ్చదనానికి బల్బు పెడదామంటే కరెంటు ఉండదు, అందుకని హరికేన్ లాంతరు పక్కన పెట్టి చుట్టూ ఇటుకలు పేర్చాను. అది తనంతట తను తినదు. రాగిపిండితో చోడి అంబలి పల్చగా కాచి, మందు నూరి కలిపి, పిల్లవాడి ఇంకు ఫిల్లరుతో ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా పోసేదాన్ని. ఒక్కసారిగా పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతుంది. కాస్త మింగుతోందనిపించాక ఉడికిన గుడ్డు సొనను పెరుగులో మెదిపి పెట్టాను. ఆయన కోసం కాచిన బార్లీలోంచి కూడా నాలుగు చుక్కలు తీసేదాన్ని. పొద్దున్న పిట్టకు పోసి, మధ్యాహ్నం ఆయనకు తాగించి, సాయంత్రం మళ్లీ పిట్ట దగ్గరికి. ఇంట్లో మా అత్త సణుగుడు.

"మొగుడికి పసరొద్దంది, కోడికి మాత్తర్లు మింగిస్తంది. ఏటి సదువో."

పెరుగు సుగుణ తెచ్చేది. రోజూ సాయంత్రం చిన్న గిన్నెతో మెట్లు దిగి వచ్చేది. గుమ్మంలోకి రాగానే నా మొహం చూసేది కాదు. ముందు గంప వైపు చూసేది. ఆ తర్వాతే, "అన్నయ్యకి ఎలగున్నాది?" అని అడిగేది. మా పిట్ట మీద ఎంత ప్రేమో అనుకుని నేను పొంగిపోయేదాన్ని. డాక్టరు కోళ్ల సంగతి చెప్పాడన్న మాట కూడా అలా ఒక సాయంత్రం నేనే ఆవిడకు చెప్పాను, తన పిట్టనైనా కిందికి దింపకుండా కాపాడుకోమని. ఆవిడ గిన్నె కింద పెట్టి మెట్లెక్కి వెళ్లిపోయింది.

పూజలు

వీధి చివర దుర్గాపూజ పందిరి వేస్తున్న రోజుల్లో పిట్ట తనంతట తను ఒక మెతుకు ముక్కున కరిచింది. మర్నాడు ఇంకో రెండు. రెట్ట రంగు మారింది. సరిగ్గా అప్పుడే ఆస్పత్రిలో మా ఆయన మొదటిసారి అన్నం అడిగాడు. ఇంటికి వచ్చి నేను ఆ పిట్ట తల ముద్దు పెట్టుకున్నాను. మా పిల్లలు అసహ్యంగా చూశారు.

పందిట్లో ఢాకీవాళ్ల డప్పులు మోగుతుండగానే ఆయన్ను ఇంటికి పంపేశారు. మనిషి ఎముకల గూడు, కానీ కళ్లు తెల్లబడ్డాయి. అత్త కొడుకు మొహం తడిమి తడిమి చూసి, ఇన్నాళ్లకు నాతో మాట్లాడింది.

"ఏదీ, నీ కోడినిలా తే. నానూ సూత్తాను."

కళ్లు కనబడని మనిషి చూడటమంటే తడమడమే. రొమ్ము తడిమింది, రెక్కల కింద తడిమింది, కాళ్లు పట్టుకుంది. ఎడమ కాలి దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కుడి కాలు చూసి, మళ్లీ ఎడమ కాలికొచ్చింది.

"ఇది మన పిట్ట కాదే" అంది.

"నీలి గుడ్డుంది కదత్తా."

"గుడ్డ ఎవులైనా కడతారు. మన గురుతేదే? ఇదిగో, గోరు ఇక్కడే ఉన్నాది."

నేను వంగి చూశాను. ఎడమ కాలి వెనక వేలు నిండుగా, కొస గోరుతో సహా ఉంది. కోసిన వేలు మళ్లీ మొలవదు. నాకు ఒక్కసారిగా ఏమీ అర్థం కాలేదు, ఆ వెంటనే అంతా అర్థమైంది.

మేడ మీద సుగుణ టర్కీ ఎండలో తిరుగుతోంది. నిగనిగలాడుతూ, బలిసి, కాలికి ఎర్ర గుడ్డతో. దాన్ని పట్టుకోవడం కష్టమైంది. ఎడమ కాలి వెనక వేలు మొండిగా ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని అలాగే సుగుణ గదిలోకి వెళ్లాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. పిట్ట కాలు ఎత్తి చూపించాను, మా ఇంటి గుర్తు ఇదని చెప్పాను.

సుగుణ బుకాయించలేదు. చేట పక్కన పెట్టింది.

"నా పిట్ట తల వాల్చీసిన పొద్దున్నే గ్రేసుకి ఫిట్లొచ్చినాయి వదినా. ఎంతకీ ఆగనేదు. ఇంట్లో నానొక్కద్దాన్నే. నీ పిట్టేమో ఎదర గింజలు తింటన్నాది. గుడ్డలు మార్చీసినాను."

"మరి మా ఆయన?"

"నీకిద్దరు కొడుకులున్నారు, అత్త ఉన్నాది. నాకున్నది ఆ గుంట ఒక్కత్తే."

"అంటే ఆయన పోయినా ఫరవాలేదనుకున్నావా?"

"అలగనుకోనేదు. ఎవులో ఒకలు పోవాలంటే మరి..." అని ఆగిపోయింది.

అప్పుడావిడ తల ఎత్తింది. గొంతులో కాస్త బలం వచ్చింది.

"అయినా ఆ జబ్బు మీ కోళ్ల నుంచి ఒచ్చిందే గదా. డాక్టరు సెప్పినాడని నువ్వే అన్నావు. మీ ఇంటి జబ్బు మీ ఇంటికే ఒచ్చినాది."

"మరి రోజూ ఆ పెరుగెందుకు తెచ్చావు?"

"బతకాలనే తెచ్చినాను" అంది. అది నిజమో, చచ్చిందో లేదో చూసుకోవడానికి వచ్చేదో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ నిజమేమో కూడా. ఆ పెరుగు తలుచుకుంటే మాత్రం ఈనాటికీ నా ఒళ్లు మండుతుంది. శత్రువు చేసి ఉంటే మర్చిపోయేదాన్ని. నా బిడ్డ పుట్టినప్పుడు వరండాలో కూర్చున్న మనిషి, నా మొగుడి చావును గుడ్డ ముక్కతో నా ఇంటికి కట్టి పంపింది.

అంతలో గ్రేసు పరుగెత్తుకుంటూ వచ్చింది. నా చంకలో పిట్టను చూసి, "అత్తా, నా టర్కీ ఎంత బరువైపోనాదో సూసినావా?" అంది. దాన్ని గ్రేసు చేతుల్లో పెట్టి కిందికి వచ్చేశాను. చర్చిలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు అసలే చెప్పలేదు. కోలుకుంటున్న మనిషికి చెప్పే మాట కాదది. మా అత్త నోరు కూడా బతిమాలి మూయించాను.

నవంబరు

పండుగ ముందు రోజు సుగుణను నేనే పిలిచాను. మెట్ల మీద నిలబడే మాట్లాడాను.

"పిట్టలు మార్చుకోవద్దు. నా దగ్గరున్నది గ్రేసుకని విడిచింది. నేను పెంచాను గనక నేనే అప్పగిస్తాను, గ్రేసు పేరే చెబుతాను. నీ దగ్గరున్నది ఆయన కోసం విడిచింది. నువ్వు ఆయన పేరు చెప్పు. దేవుడి ముందు లెక్క సరిపోతుంది."

సుగుణ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "అలగే వదినా. నీ రుణం ఉంచుకోను" అంది. నిజం చెప్పొద్దూ, నా మనసు కరిగింది. రేపు ఆ ఒక్క మాట అనేస్తే వదినను మళ్లీ వదినా అనొచ్చని ఆశ పడ్డాను.

మర్నాడు చర్చి నిండిపోయింది. మా ఆయన చేతికర్రతో వచ్చి రెండో వరసలో కూర్చున్నాడు. ఆయన చర్చికి రావడం వేసవి తర్వాత అదే మొదలు. గుమ్మడికాయలూ గెలలూ అయ్యాక పిట్టల వంతు. ముందు నన్ను పిలిచారు. నా టర్కీ బక్కది, ఈకలు ఇంకా సరిగా రాలేదు. వెనకెవరో కిసుక్కున నవ్వారు. బల్ల ముందు దించి, అందరికీ వినబడేలా "గ్రేసు కోసం" అన్నాను. ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు.

తర్వాత సుగుణ వచ్చింది. రెండు చేతులా పట్టలేనంత పిట్ట. బల్ల ముందు నిలబడింది. నేను ఆవిడ పెదవుల వైపే చూస్తున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. ముందు వరసలో తెల్ల గౌను వేసుకుని కూర్చున్న కూతురి వైపు చూసింది.

"నా గ్రేసు కోసం" అంది.

పాస్టరు గారు ఆమెన్ అని తర్వాతి వాళ్లను పిలిచారు. ఆ ఏడు మా చర్చిలో రెండు టర్కీలూ గ్రేసు పేరు మీదే దేవుడికి వెళ్లాయి. మా ఆయన పేరు ఎవరూ అనలేదు. సుగుణ పిట్టకు ఎప్పుడూ లేనంత పాట వచ్చింది, కప్పు బాగు చేయించారు. ఇప్పటికీ ఆదివారం ఆ కప్పు వైపు చూడను.

ఇంటికి నడిచి వస్తుంటే ఆయన దారిలో ఆగి ఊపిరి తీసుకుంటూ అడిగాడు.

"నా పేరు మర్చిపోనావేటే?"

"గ్రేసుకి ఎక్కువ అవసరమనిపించింది" అన్నాను.

ఆయన "మంచి పని సేసినావు" అని నా భుజం తట్టాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఆయన బాగానే ఉన్నాడు, రిటైరయ్యాడు, బార్లీ నీళ్లంటే మాత్రం పారిపోతాడు. గ్రేసుకు మాత్రలతో ఫిట్లు అదుపులోకి వచ్చాయి, పెళ్లి చేసుకుని ఏక్‌బాల్‌పూర్‌లో కాపురముంటోంది, నన్నింకా అత్తా అనే పిలుస్తుంది. ఆ గుంట మీద నాకు ఏ కోపమూ లేదు. టర్కీలు పెంచేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. వాటిని కోళ్లతో కలపకండి, కోళ్లు తిరిగిన నేల మీద కూడా వదలకండి. తల వాల్చగానే విడిగా, పొడిగా, వెచ్చగా ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బీదవాళ్ల ఇంట్లోనూ అవి బతుకుతాయి, నేను బతికించాను.

సుగుణ ఇప్పటికీ పై అంతస్తులోనే ఉంది. చర్చిలో ఎదురుపడితే వందనాలు అనుకుంటాం, అంతకుమించి మాటల్లేవు. ఈ కాగితాలు మా ఆయన చేతిలో పడినా ఆయనకు చదవడం రాదు. మా పిల్లలకూ రాదు. ఈ మెట్ల మీద కాపురముండేవాళ్లలో తెలుగు చదవగలిగింది ఇక ఒక్క మనిషే గనక, రాయడం అయ్యాక వీటిని ఆ మనిషి తలుపు కిందనుంచే తోస్తాను.

వదినా, నీకు మనసులో చదువుకోవడం రాదు. ఇంతదాకా పైకే చదివి ఉంటావు. ఇంకో రెండు మాటలు మిగిలాయి, అవీ అలాగే చదువు.

పేతురు కోసం.